డైపర్ నుంచి పాటీకి: మెచ్చుకోలుతో, బొట్టుబిళ్లలతో పిల్లలకు అలవాటు చేసే పద్ధతి

జూన్‌లో ప్లేస్కూళ్లు తెరుస్తారు. చేర్చడానికి వెళ్తే చాలాచోట్ల ముందుగా అడిగేది "బాబు పాస్ చెప్తాడా అండీ?" అనే. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి ఇంట్లో కంగారు మొదలవుతుంది. "మా పిల్లలు ఏడాదికే చెప్పేవాళ్లు, ఈ డైపర్లొచ్చాకే ఇదంతా" అని అమ్మమ్మ దెప్పుతుంది. ఆ కంగారులో పిల్లాణ్ని పాటీ మీద కూలేసి, లేవకుండా భుజాలు పట్టుకుని, ఏడిస్తే చాక్లెట్ చూపించి, రెండు రోజుల్లో పాటీని చూస్తేనే పరిగెత్తే స్థితికి తెచ్చేస్తాం.

మెచ్చుకోలూ చిన్న చిన్న బహుమతులూ ఈ వయసులో బాగా పనిచేస్తాయి. కాకపోతే దేనికి ఇస్తున్నాం, ఎంత వెంటనే ఇస్తున్నాం, ఎప్పుడు మానేస్తున్నాం అన్నదాంట్లోనే కిటుకంతా ఉంది. మిగతా ఏర్పాట్లన్నీ దాని చుట్టూ అల్లుకునేవే.

1. పిల్లలు సిద్ధంగా ఉన్నారా?

ఎక్కువమంది పిల్లల్లో సిద్ధమైన సూచనలు 18 నెలలకూ మూడేళ్లకూ మధ్య కనిపిస్తాయి. వయసు కన్నా ఆ సూచనలే ముఖ్యం. పగలు గంటన్నర, రెండు గంటల పాటు డైపర్ పొడిగా ఉంటోందా? దొడ్డికి వచ్చేటప్పుడు ఆట ఆపేసి సోఫా వెనక్కో కర్టెన్ చాటుకో వెళ్లి నక్కుతున్నారా? తడిసిన డైపర్ పీకి పారేస్తున్నారా? "బంతి తెచ్చి బుట్టలో వెయ్యి" అంటే రెండు పనులూ వరసగా చేస్తున్నారా? నిక్కరు తమంతట తామే కిందికి లాక్కోగలరా? వీటిలో చాలావాటికి అవును అనగలిగితే మొదలుపెట్టొచ్చు. పిల్లలు సిద్ధమయ్యేదాకా ఆగి, వాళ్ల వేగాన్ని బట్టి నడవాలని అమెరికాకు చెందిన పిల్లల వైద్యుడు బెర్రీ బ్రేజల్టన్ 1962లోనే రాశాడు. ఇప్పటికీ వైద్యుల సలహాల్లో ఎక్కువ భాగం ఆ దారిలోనే ఉంటుంది.

మరి అమ్మమ్మ మాట అబద్ధమా? కాదు. కాళ్లు చాపుకుని పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టి, "శ్శ్... శ్శ్..." అంటూ వేళకు పోయించిన తరం వాళ్లది. అక్కడ వేళ కనిపెట్టేది అమ్మమ్మ. బిడ్డ ఆ శబ్దానికి అలవాటు పడేవాడు. వస్తోందని తనే గమనించి, చెప్పి, నడిచివెళ్లి, నిక్కరు దించుకుని కూర్చోవడం వేరే విద్య. ఇంట్లో అమ్మమ్మ ఉండి, రోజంతా ఆ ఓపిక ఉంటే పాత పద్ధతిలో తప్పేమీ లేదు, చక్కటి పునాది కూడా. ఇద్దరూ ఆఫీసులకు వెళ్లే ఇంట్లో మాత్రం అది నడవదు.

చెల్లో తమ్ముడో పుట్టిన నెలలోనో, ఇల్లు మారే వారంలోనో, జ్వరం తగ్గిన మర్నాడో మొదలుపెట్టకండి. మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడాలి. మా ఓటు ఎండాకాలానికి. ఒంటి మీద బట్టలు తక్కువ, తడిసిన చెడ్డీ గంటలో ఆరిపోతుంది. చెమట వల్ల పాస్ తగ్గుతుంది కాబట్టి నీళ్లు, మజ్జిగ ఎక్కువ తాగించాలి, అంతే. వానాకాలంలో బాల్కనీ తాళ్ల మీద చెడ్డీలు మూడు రోజులైనా ఆరవు.

2. సామాన్లు

నేల మీద పెట్టుకునే ప్లాస్టిక్ పాటీ ఒకటి చాలు. పాటలు పాడేవి, లైట్లు వెలిగేవి అక్కర్లేదు; అవి పాటీని బొమ్మగా మారుస్తాయి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. వెస్టర్న్ కమోడ్ మీద చిన్న సీటు వేసి కూర్చోబెడితే కాళ్ల కింద తప్పకుండా ఒక స్టూలు పెట్టండి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే పెద్దవాళ్లకే ముక్కడం కష్టం. ఇండియన్ టాయిలెట్‌లో గొంతుక్కూర్చోవడం దొడ్డికి నిజంగా మంచి భంగిమే గానీ, రెండేళ్ల పిల్లలకు ఆ గుంట చాలా పెద్దది, పడిపోతామని భయం. కొన్నాళ్లు పాటీతోనే నడిపించి, తర్వాత చెయ్యి పట్టుకుని అక్కడ అలవాటు చేయండి.

లాస్టిక్ వదులుగా ఉన్న కాటన్ చెడ్డీలు డజను దాకా, మంచం మీదికి రబ్బరు షీటు, తుడవడానికి పాత గుడ్డలు. టైల్స్ నేల తుడవడం తేలికే కానీ తడిస్తే జారుతుంది, వెంటనే తుడిచేయండి. ఫినాయిల్ సీసా పై అరలోకి ఎక్కించండి.

జెట్ స్ప్రే గురించి ఒక మాట. ఆ చల్లని ధార ఒక్కసారి గట్టిగా తగిలితే పిల్లలు బాత్రూమ్‌కే రామంటారు. మొదట్లో మగ్గుతో గోరువెచ్చని నీళ్లు పోసి కడగండి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి కడగాలి, ఎప్పుడూ అంతే. వెనక నుంచి ముందుకు కడిగితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. ఫ్లష్ చప్పుడుకు భయపడే పిల్లలుంటే, వాళ్లు బయటికి వచ్చాక మీరు నొక్కండి.

3. ఇంట్లో అందరిదీ ఒకే మాట

పాస్, సుస్సు, ఒంటికి, ఉచ్చ... మీ ఇంట్లో ఏది వాడితే అది, కానీ అందరూ ఒకటే వాడండి. తాతయ్య ఒకటి, ఆయమ్మ ఒకటి అంటే పిల్లలకు సంకేతం అందదు. ప్లేస్కూలుకి వెళ్తే టీచర్‌కి కూడా ఆ మాట చెప్పి ఉంచండి.

అంతకన్నా ముఖ్యం, ఏ మాట అనకూడదో ఒప్పందానికి రావడం. "ఛీ ఛీ, కంపు", "సిగ్గు లేదూ", "చూడు, పక్కింటి చిన్ని ఎంత బాగా చెప్తుందో" అన్నవి మూడూ బంద్. తమ ఒంట్లోంచి వచ్చేదాన్ని అందరూ అసహ్యించుకుంటున్నారని పిల్లలకు అర్థమైతే చాటుకెళ్లి పోసుకుంటారు, లేదా బిగబట్టుకుంటారు. పెద్దవాళ్లకు ఇది చెప్పేటప్పుడు పిల్లల ముందు చెప్పకండి. "అత్తయ్యా, వాడు మీ మాటైతేనే వింటాడు, మీరే కూర్చోబెట్టండి" అని పని అప్పగిస్తే దెప్పిపొడుపులు సగం తగ్గుతాయి.

4. పాటీతో స్నేహం

వారం రోజులు పాటీని హాల్లో ఉంచండి. బట్టల మీదే కూర్చోనివ్వండి. టెడ్డీని కూర్చోబెట్టి "టెడ్డీకి పాస్ వచ్చిందట!" అని ఆడండి. ఈ బొమ్మ ఆటకు చరిత్ర ఉంది. 1973లో రిచర్డ్ ఫాక్స్, నేథన్ ఎజ్రిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు ప్రకటించిన వేగవంతమైన పద్ధతిలో బొమ్మకు నేర్పించడం, పానీయాలు బాగా తాగించడం, సరిగ్గా చేసిన వెంటనే బహుమతి ఇవ్వడం ప్రధానం. ఆ పద్ధతిలో, తప్పినప్పుడు పిల్లల్ని పదేపదే పాటీ దగ్గరికి నడిపించే భాగం కూడా ఉంది. బొమ్మనూ, వెంటనే ఇచ్చే బహుమతినీ తీసుకోండి, ఆ కవాతు వదిలేయండి. ఏడుపు తప్ప దాని వల్ల ఒరిగేది ఉండదు.

డైపర్‌లో దొడ్డికి వెళ్లినప్పుడు దాన్ని పిల్లల ముందే పాటీలోకి దులిపి, "ఇది ఇక్కడికి వెళ్తుంది" అని చూపించండి. నాలుగు ఉపన్యాసాల కన్నా అది బాగా ఎక్కుతుంది.

5. వేళలు

ఇప్పుడు ఇంట్లో ఉన్నంతసేపూ పగటి డైపర్ తీసేయండి. మధ్యాహ్నం నిద్రకీ రాత్రికీ ఉండనివ్వొచ్చు. లేవగానే, ప్రతి భోజనం తర్వాత 15 నుంచి 30 నిమిషాల్లోపు, స్నానానికి ముందు, బయటికి వెళ్లే ముందు, పడుకునే ముందు కూర్చోబెట్టండి. భోజనం తర్వాత అని ఊరికే అనడం లేదు. పొట్టలోకి తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది, దొడ్డికి అలవాటు చేయడానికి అంతకన్నా మంచి వేళ లేదు.

మూడు నిమిషాలు, మహా అయితే ఐదు. వస్తే వచ్చింది, లేకపోతే "సరే, మళ్లీ చూద్దాం" అని లేపేయండి. ఫోన్ చేతికిచ్చి అరగంట కూర్చోబెట్టడం అలవాటైతే దాన్ని వదిలించడం ఇంకో ఉద్యోగం.

"పాస్ వస్తోందా?" అని అడగకండి. రెండేళ్ల పిల్లల దగ్గర ఆ ప్రశ్నకు ఒకే జవాబుంటుంది: "రాదు." అడగడం మాని చెప్పండి: "పాటీ టైమ్ అయింది, పద." వద్దని మొరాయించే పిల్లలకు చిన్న ఎంపిక ఇవ్వండి: "టెడ్డీని తెస్తావా, కారు తెస్తావా?" వెళ్లాలా వద్దా అన్నది పక్కకు పోయి, ఏది తీసుకెళ్లాలన్నది పెద్ద విషయమైపోతుంది. మగపిల్లలకైనా మొదట కూర్చోబెట్టే నేర్పండి. నిలబడి పోయడం తర్వాత నాన్నను చూసి ఒక్క రోజులో నేర్చుకుంటారు.

6. బహుమతులు

ముందు లంచానికీ బహుమతికీ తేడా. పిల్లాడు ఏడుస్తూ ఉంటే "కూర్చో, చాక్లెట్ ఇస్తా" అనడం లంచం. ఏడిస్తే చాక్లెట్ వస్తుందని వాడు నేర్చుకుంటాడు. "పాటీ మీద కూర్చున్నప్పుడల్లా ఒక బొట్టుబిళ్ల" అని పొద్దున్నే మాట అనుకుని, కూర్చోగానే ఇవ్వడం బహుమతి.

అవును, బొట్టుబిళ్లలే. స్టిక్కర్ల పుస్తకాలు కొనక్కర్లేదు. ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరికే రంగుల బొట్టుబిళ్లల అట్ట ఒకటి తెచ్చుకోండి. అతికించడానికి గోడ మీది తెలుగు కేలండరు మీద కన్నేయకండి. ఆ గడుల్లో తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం కిక్కిరిసి ఉంటాయి, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. అయిపోయిన నెల కాగితం చింపి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట ఒక చెట్టో రైలో గీసి, పిల్లల ఎత్తుకు అందేలా ఫ్రిజ్ తలుపుకి అంటించండి. బిళ్లను మీరు అతికించకూడదు, వాళ్లే చేయాలి. అట్ట మీంచి ఎర్రబిళ్లను గోటితో ఊడదీయడానికి నాలుక బయటపెట్టి మరీ తంటాలు పడతారు. అది వేలికి అంటుకుంటుంది, వేలి నుంచి ఇంకో వేలికి వెళ్తుంది, చివరికి చెట్టుకు కాకుండా తలుపుకు అంటుకుంటుంది. మీరు ఏమీ సరిచేయకండి. ఆ ఒక్క నిమిషం మీరు పక్కన కూర్చుని చూడటం వాళ్లకు బిళ్ల కన్నా పెద్ద బహుమతి. తర్వాత అట్టను అందకుండా పైన పెట్టండి, నోట్లో పెట్టుకుంటారు.

దేనికి ఇవ్వాలి? ఇక్కడే చాలామంది తడబడతారు. "రోజంతా చెడ్డీ తడపకపోతే బహుమతి" అని పెడతారు. రెండేళ్ల పిల్లలకు రోజంతా అంటే అర్థం కాదు, పైగా తడవకపోవడం వాళ్ల చేతిలో పూర్తిగా లేదు. చేతిలో ఉన్నదానికే ఇవ్వండి, మెట్టు మెట్టుగా:

మొదట, పాటీ మీద కూర్చుంటే చాలు, ఏమీ రాకపోయినా ఒక బిళ్ల.
అది అలవాటయ్యాక, పాటీలో పాసో దొడ్డికో వస్తే బిళ్ల. ఊరికే కూర్చుంటే మెచ్చుకోలు మాత్రమే.
ఆ తర్వాత, మనం గుర్తు చేయకుండా తామే వచ్చి చెబితే బిళ్ల. సగం దారిలో పోసుకున్నా సరే, చెప్పినందుకు ఇవ్వాల్సిందే.

ఎంత వెంటనే అంటే, నిక్కరు పైకి లాగకముందే. "సాయంత్రం నాన్నొచ్చాక బొమ్మ కొంటాడు" అన్నది ఈ వయసుకు అందదు; సాయంత్రానికి ఎందుకు కొన్నారో వాళ్లకు గుర్తుండదు. నాన్న రాగానే కాగితం చూపించి గొప్పలు చెప్పుకోవడం మాత్రం చక్కగా పనిచేస్తుంది. ఊళ్లో ఉన్న అమ్మమ్మకో, అమెరికాలో ఉన్న పిన్నికో వీడియో కాల్ చేసి బిళ్లలు చూపించడం ఇంకా మంచిది.

మెచ్చుకునేటప్పుడు "గుడ్ బాయ్" అని వదిలేయకుండా, ఏం చేశారో చెప్పండి: "ఆట మధ్యలో ఆపి మరీ వచ్చి చెప్పావే!", "నిక్కరు నువ్వే దించుకున్నావే!" ఏది మళ్లీ చేయాలో అప్పుడు తెలుస్తుంది. గుడ్ బాయ్ అంటే, తప్పిన రోజు తను బ్యాడ్ బాయ్ అనుకునే చిక్కు కూడా ఉంది. చప్పట్లు మరీ హోరెత్తిస్తే కొందరు పిల్లలు బిగుసుకుపోతారు. అలాంటి వాళ్లకు చెవిలో చెప్పండి.

తినేవి బహుమతిగా నాకు నచ్చవు. చక్కెర కలిపినవి రెండేళ్లలోపు వద్దే వద్దని పిల్లల వైద్యులు చెబుతారు; గుండ్రటి చిన్న చాక్లెట్లు, వేరుశనగపప్పులు, జీడిపప్పులు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. రోజుకు ఏడెనిమిది సార్లు పాటీకి వెళ్తే అన్ని సార్లూ ఇవ్వాలి మరి.

ఇచ్చిన బిళ్లను వెనక్కి తీసుకోకూడదు. "మంచం తడిపావు, ఒకటి పీకేస్తున్నా" అన్న రోజుతో ఆ కాగితం విలువ పోతుంది. అక్కో అన్నో ఉంటే వాళ్లకూ ఒక పని అప్పగించి, బిళ్ల ఇవ్వండి: తమ్ముడికి చేతులు కడిగించినందుకు. లేకపోతే ఐదేళ్ల పిల్ల కూడా పాటీ ఎక్కుతానని పేచీ పెడుతుంది.

7. తప్పినప్పుడు

తప్పుతుంది, వారాల తరబడి. ముఖం మామూలుగా పెట్టి, "పాస్ కింద పడింది. పాస్ పాటీలో పోస్తాం. రా, చెడ్డీ మార్చుకుందాం." అంతే, ఇంకో వాక్యం వద్దు. తడి చెడ్డీని బకెట్లో వేసే పని వాళ్లకివ్వండి, శిక్షగా కాదు, రోజూ జరిగే పనిలో భాగంగా. పెద్దగా అరిచినా, జాలిపడి ముద్దులు పెట్టినా తప్పడమే ఎక్కువ ఆకర్షణీయం అవుతుంది.

రెండు వారాలు గడిచినా ఒక్కసారి కూడా పాటీలో పడక, ప్రతిసారీ యుద్ధమే అవుతుంటే ఆపేయండి. డైపర్ మళ్లీ వేసి, నెలా రెండు నెలల తర్వాత కొత్తగా మొదలుపెట్టండి. బాగా నేర్చుకున్నవాళ్లు కూడా చెల్లి పుట్టినప్పుడో, కొత్త స్కూల్లో చేరినప్పుడో వెనక్కి జారడం మామూలే. మళ్లీ మొదటి మెట్టు బిళ్లలతో కొన్నాళ్లు నడిపిస్తే సర్దుకుంటుంది.

8. దొడ్డికి మాత్రం వేరే కథ

పాస్ చక్కగా చెప్పి, దొడ్డికి మాత్రం డైపరే కావాలని పట్టుబట్టే పిల్లలు చాలామంది. దీనికి కారణం తరచుగా మొండితనం కాదు, నొప్పి. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుడితే మర్నాడు బిగబట్టుకుంటారు. బిగబడితే ఇంకా గట్టిపడుతుంది, ఇంకా నొప్పి. మునివేళ్ల మీద లేచి, కాళ్లు కత్తెరలా పెనవేసి, ముఖం ఎర్రబడి నిలబడటం చూసి ముక్కుతున్నారనుకుంటాం. నిజానికి ఆపుకుంటున్నారు.

బిళ్లల కన్నా ముందు ఇక్కడ తిండి సంగతి చూడాలి. పాలు రోజుకు అర లీటరు దాటనివ్వకండి. పాలతోనే కడుపు నిండితే అన్నం, కూర తినరు. ఆకుకూర పప్పు, బొప్పాయి, గింజలు తీసిన జామపండు, నానబెట్టి మెదిపిన ఎండుద్రాక్ష, నీళ్లు. తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం లాంటివి వద్దు. వెంటనే పని జరిగినట్టు కనిపిస్తుంది గానీ ఆ చోటు పుండవుతుంది, పిల్లలకు భయం రెట్టింపవుతుంది. తగ్గకపోతే మలం మెత్తబరిచే మందు డాక్టరు రాస్తారు. దాన్ని చెప్పినన్నాళ్లూ వాడాలి, రెండు రోజులకు తేలికైందని ఆపేయకూడదు.

డైపరే కావాలంటే ఇవ్వండి, కానీ బాత్రూమ్‌లో నిలబడి వెళ్లాలని చెప్పండి. అలా వెళ్తే బిళ్ల. కొన్ని రోజులకు డైపర్ వేసుకుని పాటీ మీద కూర్చుంటే బిళ్ల. ఆ తర్వాత డైపర్‌ను పాటీలో పరిచి కూర్చోబెట్టండి. ఈ దారి పొడుగే కానీ కన్నీళ్లు తక్కువ.

9. ఇల్లు దాటితే

బయటికి వెళ్లేటప్పుడు సంచిలో రెండు జతల బట్టలు, తడివి వేయడానికి కవరు, నీళ్ల సీసా. దూరప్రయాణానికి పాటీని వెంట తీసుకెళ్లడానికి మొహమాటపడకండి. కదిలే రైల్లో టాయిలెట్ చప్పుడుకు పెద్ద పిల్లలే జడుస్తారు. పెళ్లిళ్లలో పట్టుపావడా, పంచె ముహూర్తం ముందు తొడగండి, ఫొటోలవగానే విప్పేయండి. ఆ బట్టలు సమయానికి పైకెత్తడం మీ వల్లా కాదు. ప్లేస్కూల్లో ఆయమ్మకు మీ ఇంటి మాట, వేళలు చెప్పండి. అక్కడ అందరిముందూ మందలించే పద్ధతి ఉంటే మర్యాదగానే వద్దని చెప్పండి.

10. బిళ్లలు మానేయడం

బిళ్లలు ఇవ్వడం తేలిక, మానేయడంలోనే నేర్పు కావాలి. 1973లోనే అమెరికాలో మార్క్ లెప్పర్ బృందం నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. బొమ్మలు గీయడం ఇష్టపడే పిల్లలకు, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత తీరిక వేళల్లో ఆ పిల్లలు మునుపటి కన్నా తక్కువ గీశారు. ముందే ఇష్టంగా చేసే పనికి బహుమతి ఆశ పెడితే ఇష్టమే తగ్గొచ్చని తేలింది. పాటీ మీద కూర్చోవడం ఎవరికీ పుట్టుకతో ఇష్టం కాదు కాబట్టి మొదట్లో ఈ భయం అక్కర్లేదు. అలవాటయ్యాక మాత్రం బహుమతి తప్పుకోవాలి.

వారం, పది రోజులు పెద్దగా తప్పకుండా చెబుతుంటే పాస్‌కు ఇచ్చే బిళ్లలు ఆపి, దొడ్డికి మాత్రమే ఇవ్వండి. తర్వాత చెట్టు నిండగానే "చెట్టు నిండిపోయింది!" అని ఇంట్లో అందరికీ చూపించి, పార్కుకో గుడికో తీసుకెళ్లండి. కొత్త కాగితం అంటించకండి. ఒకటి రెండు రోజులు అడుగుతారు, "నువ్వు పెద్దయ్యావుగా, నీకే వచ్చేసింది" అంటే చాలు. మాటలతో మెచ్చుకోవడం ఇంకొన్నాళ్లు సాగనివ్వండి.

11. రాత్రి, డాక్టరు

రాత్రి పొడిగా ఉండటం నేర్పితే వచ్చేది కాదు. నిద్రలో మూత్రం తయారవడం తగ్గాలి, నిండిన మూత్రాశయం నిద్ర లేపగలగాలి. ఇవి ఒంటి ఎదుగుదలతో వచ్చేవి. పగలు నేర్చుకున్నాక నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టొచ్చు. ఐదేళ్ల దాకా పక్క తడపడాన్ని జబ్బుగా లెక్కవేయరు. అందుకే రాత్రికి బిళ్లలు పెట్టకండి; నిద్రలో జరిగేదానికి గెలుపోటములు అంటగట్టినట్టవుతుంది. వరసగా కొన్ని పొద్దుళ్లు డైపర్ పొడిగా కనిపిస్తే తీసేసి, రబ్బరు షీటు ఉంచండి.

ఇవి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి: పాస్ పోసేటప్పుడు ఏడవడం, జ్వరంతో పాటు మూత్రం ఘాటైన వాసన రావడం, మలంలో రక్తం, రోజంతా చుక్కలు చుక్కలుగా కారడం, ఆర్నెల్లు బాగా చెప్పి ఉన్నట్టుండి మానేసి విపరీతంగా నీళ్లు తాగడం. మలబద్ధకం ఉన్న పిల్లల చెడ్డీకి నీళ్ల విరేచనంలా అంటుతుంటే దాన్ని విరేచనాలనుకుని మందు వేయకండి. లోపల గట్టిపడ్డ మలం పక్కనుంచి పలచనిది కారుతూ ఉండొచ్చు. నాలుగేళ్లు దాటినా పగలు అదుపు రాకపోతే కూడా ఒకసారి చూపించండి. వెళ్లే ముందు మూడు, నాలుగు రోజులు ఎప్పుడెప్పుడు వెళ్లారు, ఎంత తాగారు, మలం ఉండలుగా ఉందా మెత్తగా ఉందా అని కాగితం మీద రాసుకుని పట్టుకెళ్తే డాక్టరు పని సగం తేలికవుతుంది.